కుదుపు ఎడమ పెట్టెలో, జబ్బు కుడి పెట్టె కింద: వాల్పరైసో కొండ లిఫ్టు కేసు ఒకటి

నాది రోపుల పని. ఇనుప తాడుని చూసి, తడిమి, కొలిచి, ఇది ఇంకెన్నాళ్లు పనికొస్తుందో, ఎప్పుడు దించెయ్యాలో చెప్పడం. మొదలుపెట్టింది బెల్లంపల్లి వైపు బొగ్గుబాయిల్లో, హాలేజ్ దగ్గర, అంటే బొగ్గు బండ్లని తాడుతో లాగే చోట. ఆ తర్వాత గనుల వెంటే తిరుగుతూ తిరుగుతూ చిలీ చేరాను. అక్కడుండగా గనితో సంబంధం లేని కేసు ఒకటి తగిలింది, ఒక పాత కొండ లిఫ్టు. చాలాకాలం దాని గురించి రాయలేదు, ఎందుకంటే అందులో నేను రెండుసార్లు తప్పు చెప్పాను, పైగా రెండోసారి తప్పు చెప్పినందుకు అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ 2025 సెప్టెంబరు 3న లిస్బన్‌లో గ్లోరియా లిఫ్టు కేబుల్ ఊడిపోయి 16 మంది పోయారు. ఆ కేబుల్ తెగింది నడిమధ్యలో కాదు, మనుషులెక్కే పెట్టె కింద దాన్ని బిగించిన చోట, విప్పితే తప్ప కంటికి కనపడని చోట. ఆ రోజు పొద్దున చేసిన తనిఖీలో ఏ తేడా కనపడలేదట. అది చదివాక నా పాత నోట్‌బుక్ బయటికి తీశాను.

ఏ కొండో, ఏ లిఫ్టో చెప్పను. కొలతలు కొంచెం అటూ ఇటూ మార్చాను. మనుషుల పేర్లు అసలే లేవు.

ఊరు, లిఫ్టు

వాల్పరైసో చిలీలో ఒక రేవు ఊరు. అక్కడ సముద్రానికీ కొండలకీ మధ్య నాలుగు వీధులు పట్టేంత చదును మాత్రమే ఉంటుంది. దాన్ని అక్కడివాళ్లు ప్లాన్ అంటారు. బ్యాంకులు, ఆఫీసులు, బజారు, రేవు అన్నీ అక్కడే. మనుషులు ఉండేది మాత్రం పైన కొండల మీద. కాబట్టి పొద్దున దిగాలి, సాయంత్రం ఎక్కాలి, మెట్లు వందల్లో. అందుకే 1883 డిసెంబరు 1న కాన్సెప్సియోన్ కొండకి మొదటి లిఫ్టు పెట్టారు, ఆ ఆలోచన లిబోరియో బ్రియేబా అనే ఆయనది. అక్కడి లిఫ్టులు మొదట్లో నీటి బరువుతోనో ఆవిరితోనో నడిచేవి, తర్వాత కరెంటు వచ్చింది. ఒకప్పుడు ముప్ఫై దాకా ఉండేవి. 1914లో పనామా కాలువ తెరిచాక ఓడలు ఆ దారి మానేశాయి, రేవు చిక్కిపోయింది, లిఫ్టులు కూడా ఒక్కొక్కటే మూతబడ్డాయి. మిగిలినవాటిని 1998లో జాతీయ కట్టడాలుగా ప్రకటించారు. 2003లో పాత రేవు పేట యునెస్కో జాబితాకెక్కింది. 2012లో ప్రైవేటు వాళ్ల చేతుల్లో ఉన్న 10 లిఫ్టుల్ని బాగుచేయించాలని ప్రభుత్వమే కొనేసింది.

స్పానిష్‌లో వీటిని అసెన్సోర్ అంటారు, అంటే లిఫ్టే. నిజానికి పోలాంకో అనే ఒక్కటే నిలువుగా ఎక్కే లిఫ్టు, మిగతావన్నీ ఏటవాలు పట్టాల మీద నడిచే పెట్టెలు. పళని కొండకి వించ్ ఎక్కినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తెలియనివాళ్లు బావి గిలకకి రెండువైపులా రెండు బొక్కెనలు ఊహించుకోండి. ఒకటి పైకొస్తుంటే రెండోది కిందికి పోతుంది, ఒకదాని బరువు ఇంకోదానికి ఊతం, మోటారు మొయ్యాల్సింది తేడా బరువు, దానికి తోడు రాపిడి. అంతే. ఈ కేసు మొత్తం ఆ "తేడా బరువు" చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

మా లిఫ్టు పొడవు వంద మీటర్ల లోపు, ఒక్కో పెట్టెలో ఇరవై మంది పడతారు. పై స్టేషన్‌లో మోటారు, పెద్ద పళ్ల చక్రం, ఒకే ఇరుసు మీద రెండు డ్రమ్ములు. ఒక డ్రమ్ము తాడు చుట్టుకుంటుంటే రెండోది వదులుతుంది. ఆ పెద్ద చక్రం ఇనుముదే, పళ్లు మాత్రం చెక్కవి, గాడుల్లో దిగగొట్టి బిగించినవి. పాతకాలం తెలివి: చెక్క పళ్లు చప్పుడు చెయ్యవు, ఏదైనా ఇరుక్కుంటే ముందు అవే విరుగుతాయి, ఇరుసు మిగులుతుంది. పట్టాల మధ్య తాడు కింద రాసుకోకుండా వరసగా రోలర్లు. కింది సగం పట్టాలు ఉక్కు స్తంభాల వంతెన మీద, పై సగం నేల మీద. నేను వెళ్లేసరికి దాన్ని పూర్తిగా బాగుచేసి, రంగులేసి, తిరిగి తెరిచి ఏడాదిన్నర అయింది.

ఫిర్యాదు

ఎడమ పెట్టె కిందికి దిగేటప్పుడు, ఇంకాసేపట్లో కింది స్టేషన్ వస్తుందనగా, ఒక కుదుపు. "టక్" మని చిన్న చప్పుడు, పెట్టె చెయ్యి వదిలేసినట్టు ఒక్క క్షణం జారి మళ్లీ పట్టుకున్నట్టు. రోజూ కాదు, ప్రతి ట్రిప్పుకీ కాదు. ఒక పెద్దాయన తూలి మోకాలు కొట్టుకున్నాక విషయం పేపర్లకెక్కే దాకా వచ్చింది.

నన్ను పిలిచేలోపే బాగుచేసిన కాంట్రాక్టరు చాలా చేశాడు. కుదుపు వచ్చేది వంతెన మీద కాబట్టి అనుమానం వంతెన మీదికే పోయింది, కొత్తగా కట్టింది కూడా అదే మరి. పట్టాల అతుకులు గీసి నున్నగా చేశారు, లెవెల్ చూశారు, బోల్టులు మళ్లీ బిగించారు. రెండుసార్లు పరీక్ష నడిపారు, ఒకసారి ఖాళీ పెట్టెలతో, ఒకసారి దిగే పెట్టెని ఇసుక బస్తాలతో నిండా నింపి. రెండుసార్లూ వెన్నలా నడిచింది. "ప్రయాణికుల భ్రమ" అని రిపోర్టు రాసి పంపారు. ఆ మాట నాకు నచ్చలేదు, కానీ ఆ పరీక్షల్లో తప్పేమిటో అప్పుడు నాకూ తట్టలేదు.

నా మొదటి తప్పు

నేను వెళ్లింది రాత్రి, సర్వీసు అయిపోయాక, మనుషులు లేనప్పుడు ప్రశాంతంగా చూద్దామని. ఎడమ పెట్టెలో కూర్చుని పదిసార్లు ఎక్కాను, దిగాను. అదురు కొలిచే పరికరం నేలకి అతికించాను. గీత చదునుగా వచ్చింది, ఏదో ఒకచోట సన్నగా వణుకు తప్ప.

ఆ సన్నటి వణుకుని పట్టుకుని వేలాడాను. అది చక్రం బేరింగు వణుకే, నిజమే, కానీ ఫిర్యాదు దాని గురించి కాదు. ఏదో ఒకటి దొరికితే అదే దొంగ అనుకునే తొందర. ఎడమ పెట్టె నాలుగు చక్రాల బేరింగులూ మార్పించాను, దానికి నాలుగు రోజులు లిఫ్టు ఆపించాను. ఐదో రోజు పొద్దున ఏడున్నరకి ఫోను: "సార్, మళ్లీ వచ్చింది."

పెద్దావిడ చెప్పిన మాట

అప్పుడు చెయ్యాల్సిన పని చేశాను, పొద్దున జనంతో పాటు వెళ్లి నిలబడ్డాను. మొదటి రోజు నాకు ఏమీ తగల్లేదు. పక్కన బుట్టతో ఒక పెద్దావిడ, కింద బజార్లో ఏదో అమ్ముకుంటుంది, రోజూ అదే టైముకి దిగుతుంది. నా చేతిలో పరికరం చూసి నవ్వింది. "మిహో, ఇవాళ రాదు," అంది. మిహో అంటే మన "నాయనా" లాంటిది. ఎందుకు రాదు అన్నాను. "ఇవాళ నిండా ఉన్నాం కదా. ఖాళీగా ఉన్నా రాదు. మేం నలుగురమో ఐదుగురమో ఉంటేనే వస్తుంది."

ఇంజనీర్లు, బస్తాలు, పరికరాలు, నేను. ఎవ్వరం కనిపెట్టలేదు. ఆవిడ బుట్ట పట్టుకుని నిలబడి కనిపెట్టింది.

ఆవిడ మాటని యంత్రం భాషలోకి మార్చితే విషయం తేలిపోతుంది. రెండు పెట్టెలూ ఖాళీ అనుకోండి, బరువులు సమానం, మోటారు రాపిడికి ఎదురుగా లాగుతుంది, కాబట్టి పెద్ద చక్రం పళ్లు మోటారు వైపు పళ్లకి ఎప్పుడూ ఒక వైపే ఆనుకుని ఉంటాయి. దిగే పెట్టె నిండా ఉంది అనుకోండి, ఆ బరువే యంత్రాన్ని లాక్కుపోతుంది, మోటారు పట్టి ఆపుతుంది, అప్పుడు పళ్లు రెండో వైపు ఆనుకుంటాయి, ఆనుకునే ఉంటాయి. కానీ దిగే పెట్టెలో ఎదుటి దానికన్నా నలుగురు ఎక్కువ ఉంటే, వాళ్ల బరువుకీ రాపిడికీ సరిగ్గా చెల్లు. పళ్లు అటూ కాదు ఇటూ కాదు, సందులో తేలుతుంటాయి. ఆ స్థితిలో ఎక్కడో చిన్న అడ్డు తగిలినా పన్ను ఈ వైపు నుంచి ఆ వైపుకి దూకి కొట్టుకుంటుంది. అదే టక్. ఆ సందు మేరకి పెట్టె జారుతుంది. అదే కుదుపు.

అందుకే ఖాళీ పరీక్షలోనూ రాలేదు, నిండు పరీక్షలోనూ రాలేదు. మా పరీక్షలు రెండు చివర్లనీ చూశాయి, జబ్బు మధ్యలో ఉంది. మర్నాడు కుడి పెట్టె ఖాళీగా ఉంచి, ఎడమ పెట్టెలో మెకానిక్కుల్ని నలుగుర్ని ఎక్కించి దింపాను. మూడో ట్రిప్పులో వచ్చింది. ఆ చోట వంతెన పక్క కమ్మీ మీద సుద్దతో గీత గీశాను. కింది స్టేషన్ నుంచి 14 మీటర్లు.

తగ్గిన కుదుపు

ఇక్కడ నా రెండో తప్పు. పళ్ల మధ్య సందు కొలిస్తే ఉండాల్సిన దానికి రెట్టింపు ఉంది, చెక్క అరిగిపోయింది. ఇంకేం, దొంగ దొరికాడు అన్నాను. "చిన్న అడ్డు తగిలితే" అని నేనే అన్నాను కదా, ఆ అడ్డు ఏమిటి అని నన్ను నేను అడగలేదు. వంతెన మీద ఏదో అతుకు అయుంటుందిలే అని సర్దుకున్నాను. చెక్క పళ్లు కొత్తవి చేయించి బిగించాం. ఆ పని మాత్రం చూడముచ్చటగా జరిగింది, అక్కడి వడ్రంగి ఒక్కో పన్నుకీ సుద్ద రుద్ది, తిప్పి, ఎక్కడ రాసుకుంటోందో చూసి, ఉలితో కాస్త కాస్త తీసేవాడు.

కుదుపు తగ్గింది. పోలేదు, తగ్గింది. పెద్దావిడ కూడా "ఇప్పుడు నయం" అంది. ఆఫీసులో కాఫీ ఇచ్చి అభినందించారు. నేను ఫైలు మూసే రిపోర్టు సగం రాశాను.

ఇప్పుడు తలుచుకుంటే భయం వేసేది ఆ వారం గురించే. సందు తగ్గించడం వల్ల చప్పుడు తగ్గింది, అంతే. అసలు అడ్డు అక్కడే ఉంది, తన పని తాను చేసుకుంటోంది. జ్వరం మాత్ర వేసి ఒళ్లు చల్లబడగానే ఇంటికి పంపేసినట్టు.

మూరెడు తేడా

కాపాడింది నా తెలివి కాదు, మామూలుగా జరిగే పని ఒకటి. తాడు వేసిన కొత్తలో సాగుతుంది. కుడి పెట్టె పైకి చేరినప్పుడు ప్లాట్‌ఫారానికి మెట్టు తేడా వస్తోందని, అక్కడి సిబ్బంది కుడి తాడుని డ్రమ్ము దగ్గర 40 సెంటీమీటర్లు లాగి బిగించారు. నాకు చెప్పలేదు, చెప్పాల్సినంత పెద్ద పనీ కాదు.

ఆఖరిసారి చూసిపోదామని వెళ్లి, నలుగురితో దిగాను. సన్నగా టక్. కానీ నా సుద్దగీత దగ్గర కాదు, దానికి దాదాపు మూరెడు పైన. మొదట నేనే గీత తప్పు గీశాననుకున్నాను. మళ్లీ దిగాను, అక్కడే. ఇంకోసారి, అక్కడే. రెండు రోజులు ఇదే అయోమయం. మూడో రోజు లాగ్‌బుక్ తిరగేస్తుంటే "కుడి తాడు, 40 సెం.మీ." అన్న వాక్యం కంట పడింది, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎందుకో చెబుతాను, ఈ కేసు రాస్తున్నదే దీనికోసం. ఇలాంటి యంత్రంలో అన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ఎడమ పెట్టె కింది నుంచి 14 మీటర్ల దగ్గర ఉందంటే, కుడి పెట్టె పై నుంచి 14 మీటర్ల దగ్గర ఉన్నట్టు, డ్రమ్ము ఫలానా చుట్టులో ఉన్నట్టు, ఎప్పుడూ అంతే. కాబట్టి తప్పు ఎడమ పట్టాల్లో ఉన్నా, డ్రమ్ములో ఉన్నా, కుడి పట్టాల్లో ఉన్నా, ఎడమ పెట్టెలో ఉన్నవాడికి అది ఒక్క చోటే తగులుతుంది. చోటుని బట్టి దొంగని పట్టలేం. కానీ కుడి తాడు పొడవు మార్చగానే ఆ కట్టు ఒక్కచోట సడలింది. తప్పు ఎడమ పట్టాల్లో ఉంటే గీత కదలకూడదు. డ్రమ్ములో ఉన్నా కదలకూడదు, ఎడమ తాడు మారలేదు కాబట్టి. కదిలిందంటే, అదీ సరిగ్గా 40 సెంటీమీటర్లే కదిలిందంటే, తప్పు కుడి వైపే. వంతెన మీద కానే కాదు. పైన, నేల మీద, పై స్టేషన్‌కి 14 మీటర్ల దిగువన.

మరి కుడి పెట్టెలో వాళ్లు ఎందుకు చెప్పలేదు? పొద్దున ఏడున్నరకి కొండ ఎక్కేవాళ్లు ఎవరుంటారు? ఆ పెట్టె ఖాళీగా పోతుంది.

గుడ్డ

ఆ రాత్రే లైటు పట్టుకుని దిగాం. పై స్టేషన్ కప్పు నుంచి వచ్చే తూము పగిలి నీళ్లు కారుతున్న చోట ఒక రోలరు. బాగుచేసినప్పుడు పాత పోత ఇనుప రోలర్లు తీసి, నైలాన్ పై పొరతో, మూసేసిన బేరింగులతో కొత్తవి వేశారు, "గ్రీజు పెట్టే పనే లేదు" అన్న మాట మీద. ఆ బేరింగు ఉప్పు నీళ్లకి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తిరగని రోలరు మీద తాడు రోజూ రంపంలా కోసి వేలు దూరేంత గాడి చేసింది. కుడి పెట్టె పైకి వస్తూ దాన్ని దాటేటప్పుడు తాడు ఆ గాడిలోంచి పైకి లేవాలి. అక్కడ పట్టుకుని, తెంచుకుని లేస్తోంది. దిగేటప్పుడు మెత్తగా గాడిలో పడుతుంది, ఏమీ తెలియదు. అందుకే ఎడమ పెట్టె దిగేటప్పుడే ఫిర్యాదు.

నేను రోలరుని చూడ్డం ఆపి తాడుని తలుచుకున్నాను. రోలరు చోటు మారదు, తాడు పెట్టెకి బిగించిన చోటూ మారదు. అంటే ప్రతి ట్రిప్పులోనూ ఆ గాడిలో పట్టుకుంటున్నది తాడులో ఒకే ఒక్క జానెడు. సాకెట్‌కి, అంటే తాడు చివరని పెట్టెకి బిగించే ఇనుప గిన్నెకి, మీటరు దూరంలో.

పెట్టెని దాని మీద ఆపించి కిందికి దూరాను. పైనుంచి చూస్తే తాడు నల్లగా, నూనెతో, చక్కగా ఉంది. జేబులో కాటన్ గుడ్డ తీసి తాడు చుట్టూ పట్టి మెల్లగా జరిపాను. ఇది బొగ్గుబాయిలో హాలేజ్ దగ్గర ఒక ముసలి మేస్త్రీ నేర్పిన పని, "కంటికి కనపడంది గుడ్డకి తగులుతుందిరా" అనేవాడు. మీటరు దగ్గర గుడ్డ ఆగిపోయింది. లాగితే చిరిగింది. అద్దం పెట్టి అడుగు వైపు చూస్తే తెగిన తీగలు, పందికొక్కు కొరికినట్టు. లెక్కపెట్టాను, ఒక్క మెలిక పొడవులో (తాడులో ఒక పాయ ఒక చుట్టు తిరిగేంత పొడవు) తొమ్మిది, పక్కనే ఇంకొన్ని సగం అరిగి మెరుస్తూ.

మూడు నెలల కిందటే ఆ తాడుకి అయస్కాంత పరీక్ష, అంటే తెగిన తీగల్ని అయస్కాంతంతో పసిగట్టే పరీక్ష, చేశారు, రిపోర్టు శుభ్రంగా ఉంది. మళ్లీ తీసి చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో, "సాకెట్ నుంచి 1.5 మీటరు వరకు పరీక్ష తల చేరదు, అది ఇందులో లేదు." ఆ కాగితం నేను మొదటి వారమే చదివాను. చదివి పక్కన పెట్టాను.

ఆపాలా వద్దా

రాత్రి పదకొండున్నర. పొద్దున ఆరున్నరకి మొదటి ట్రిప్పు. ఆపమన్నాను.

దీని మీద గొడవ అయింది, వాళ్ల వాదన పిచ్చిదేమీ కాదు. తాడు బలం మొయ్యాల్సిన బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది, తొమ్మిది తీగలకి తెగిపోదు. పెట్టె కింద పట్టాల్ని పట్టే అత్యవసర బ్రేకు కూడా ఉంది. లిఫ్టు ఆగితే ముసలివాళ్లు మెట్లెక్కాలి, ఆ కొండ మీద డయాలిసిస్‌కి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. కొత్త తాడు వచ్చేదాకా మెల్లగా, సగం మందితో నడుపుదాం అన్నారు.

నా లెక్క వేరు. నాకు కనపడ్డవి తొమ్మిది. లోపలి పొరల్లో ఎన్నో తెలియదు, ఆ భాగాన్ని చూసే పరికరం లేదు. ఇంకో సంగతి, నష్టం ఒకే జానెడులో పోగవుతోంది, ప్రతి ట్రిప్పూ దాని మీదే పడుతుంది, మెల్లగా నడిపినా అంతే. బ్రేకు గురించి ఒక్కటే అడిగాను: ఆఖరిసారి నిండు పెట్టెతో, తాడు బలం లేకుండా ఆ బ్రేకు ఒక్కటే ఆపగలదా అని ఎప్పుడు చూశారు? ఎవరూ మాట్లాడలేదు. చూడని బ్రేకుని లెక్కలో వేసుకోలేను. ఒంటిగంటకి ఒప్పుకున్నారు. పొద్దున గేటు దగ్గర నిలబడి తిట్లు తిన్నది నేను కాదు, టికెట్లిచ్చే అమ్మాయి. అది నాకు ఇప్పటికీ బాగోదు.

కొత్త తాడు తెప్పించాలా, చివర కోసి మళ్లీ బిగించాలా అన్నది తర్వాతి ప్రశ్న. కొత్తది రావడానికి నెలలు. మిగతా పొడవు మొత్తం పరీక్షలో బాగుంది, నష్టం చివర్లోనే. డ్రమ్ము మీద అదనపు చుట్లు ఉన్నాయి, రెండున్నర మీటర్లు వదిలినా ఆఖరి ట్రిప్పులో కూడా మూడు చుట్లకి తగ్గవు. కాబట్టి కోసేశాం. కోసిన ముక్కని విప్పి చూశాను, లోపల ఇంకో నాలుగు తెగి ఉన్నాయి. బ్రేకుని బస్తాలతో పరీక్షించాం. మొదటిసారి ఆగాల్సిన దూరంలో ఆగలేదు. సరిచేశాం, అప్పుడు ఆగింది. మొత్తం ఐదు వారాలు.

రోలరు మళ్లీ

తూము బాగుచేసి, రోలరు మార్చి తెరిచాం. అదే రకం కొత్త రోలరు వేశాం, స్టోరులో ఉన్నది అదే. రెండు నెలలకి నెలవారీ చూపులో దానికి రెండు కింద ఉన్న రోలరు బిగుసుకుని దొరికింది. అక్కడ తూమూ లేదు, నీళ్లూ లేవు. తూము తొందరపెట్టింది గానీ అసలు కారణం కాదన్నమాట. సముద్రం గాలికి ఆ మూసేసిన బేరింగులన్నీ వరసగా అదే దారి పడతాయి.

అప్పుడు పాత ఆపరేటరుని వెతికించాను, రిటైరై అదే కొండ మీద ఉంటున్నాడు. పనితనం ఉన్నవాళ్లని అక్కడ మాయెస్త్రో అని పిలుస్తారు. మన మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే, రెండూ ఒకే ఇంటివి, ఆ సంగతి చెబితే ఆయన తెగ సంబరపడ్డాడు. పాత రోలర్ల సంగతి అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా వెనక గదిలోకి వెళ్లి అగ్గిపెట్టెంత ఇత్తడి మూతగిన్నె తెచ్చి నా చేతిలో పెట్టాడు, గ్రీజు కప్పు. "ఆదివారం పొద్దున ఒక్కోదానికీ ఒక చుట్టు. తిప్పేటప్పుడు రోలరు మీద చెయ్యి వేసి తోస్తాం. తిరగనిది తెలిసిపోతుంది."

గ్రీజు పెట్టడమే తనిఖీ. గ్రీజు అవసరం లేని రోలరు వేసినరోజే, ప్రతి ఆదివారం ప్రతి రోలరు మీదా పడే ఆ చెయ్యి కూడా ఆగిపోయింది. అది ఏ కాగితంలోనూ రాసి లేదు, కాబట్టి తీసేసినట్టు ఎవరికీ తెలియలేదు.

పాత రోలర్లు షెడ్డులో తుక్కులో పడి ఉన్నాయి. జాతీయ కట్టడం కాబట్టి ఏ మార్పుకైనా అనుమతి కావాలి, పాతవి తిరిగి పెడతామంటే ఎవరికీ పెద్ద అభ్యంతరం లేకపోయింది. లోపలి ఇత్తడి బుష్షులు కొత్తవి తిప్పించాం, గ్రీజు కప్పులు చేయించాం. ఆ తర్వాత నాకు తెలిసినంతవరకు ఏదీ బిగుసుకోలేదు.

ఇప్పుడు నేనేం మార్చుకున్నాను

బరువు పరీక్ష అంటే ఇప్పుడు ఖాళీ, నిండు మాత్రమే కాదు, మోటారు మీద భారం సున్నాకి దగ్గరయ్యే బరువు ఎంతో లెక్కకట్టి అది కూడా నడిపిస్తాను. ఒక పెట్టెలో ఫిర్యాదు వస్తే మొదట రెండో పెట్టె కిందికి వెళతాను. తాడు పరీక్ష రిపోర్టు చేతికొస్తే ముందు అడుగున చిన్న అక్షరాలు చదువుతాను, ఏది చూశారో కాదు, ఏది చూడలేదో. ఆ చూడని మీటరున్నరకి ఎవరు, ఎలా, ఎన్నాళ్లకోసారి వెళ్లాలో పేరుతో సహా రాయిస్తాను. లక్షణం తగ్గితే మాత్రం ఫైలు మూయను. ఇది చెప్పినంత తేలిక కాదు, అందరూ కాఫీ ఇస్తున్నప్పుడు "ఇంకా అయిపోలేదు" అనడానికి మొహమాటం అడ్డొస్తుంది, డబ్బులిచ్చేవాళ్లకి అది వినాలని ఉండదు.

ఇంకా తేలనిది ఒకటుంది. పళ్ల సందు పెద్దగా ఉండబట్టే కుదుపు బయటపడింది. మొదటి నుంచీ పళ్లు కొత్తవైతే ఎవరికీ ఏమీ తగిలేది కాదు, తాడు చప్పుడు లేకుండా కోసుకుపోయేది. అలాగని అరిగిన పళ్లు ఉంచమని ఎవరికీ సలహా ఇవ్వలేను కదా. నాతో పనిచేసేవాళ్లతో దీని మీద చాలాసార్లు వాదించుకున్నాం, ఎటూ తేలలేదు.

చిలీ వదిలే ముందు ఒకసారి వెళ్లాను. పొద్దున ట్రిప్పు, పెట్టెలో నలుగురం, మెత్తగా దిగింది. కమ్మీ మీద నా సుద్దగీత ఎప్పుడో చెరిగిపోయింది. పైకెళ్లి లాగ్‌బుక్ అడిగితే ఆపరేటరు కుర్రాడు తెచ్చి ఇచ్చాడు. నెలకొక పేజీ, ప్రతి పేజీకీ ఆ నెల తాడు చివర రుద్దిన గుడ్డ ముక్క పిన్ను కొట్టి ఉంది. ఒక్కోటీ తీసి వెలుతురుకి పట్టి చూశాను. నల్లగా గ్రీజు మరకలు, చిరుగు మాత్రం ఎక్కడా లేదు.